వినిపించడమే కాదు, బదులు రావాలి

  

ఈ వేళ నేను ఎరువుల మాట గాని, విత్తనాల మాట గాని ఎత్తడం లేదు. పండిన పంటను, కట్టుకున్న కొట్టాన్ని, ఒక్కొక్కప్పుడు మనిషి ప్రాణాన్నే గంటలో బూడిద చేసే అగ్గిని గురించి చెప్పదలచాను. ఆ అగ్గి వేళ మనకు అక్కరకు వచ్చే ఒక చిన్న సాధనాన్ని గురించి కూడా చెబుతాను. అది రెండు వైపులా మాట నడిపే రేడియో. పోలీసుల చేతిలో మీరు చూసే ఉంటారు. వాకీటాకీ అంటాం. అది ఎట్లా పుట్టింది? మన తెలుగు నేల మీద ఇటువంటి సాధనం ఎప్పుడు అక్కరపడింది? బొల్లారం పక్క ఊళ్లలో పది మంది పడుచువాళ్లు కలిసి అగ్గిదళం కట్టుకుంటే, వారి మాట ఊరి చివరి కొట్టం దాకా వినబడాలంటే ఏం చేయాలి? ఇవీ ఇవ్వాళ్టి సంగతులు.

బొల్లారం అంటే కొందరికి సికిందరాబాదు పక్కన రాష్ట్రపతి నిలయం ఉన్న బొల్లారం తోస్తుంది. నేను చెప్పేది అది కాదు. సంగారెడ్డి జిల్లాలో, పటాన్‌చెరుకు దగ్గరగా, జిన్నారం వైపు, పొగగొట్టాల నడుమ ఉన్న బొల్లారం. ఒక పక్క మందుల కర్మాగారాలు, ఇంకొక పక్క వరిమళ్లు, నడుమ చెరువు కట్టలు. అటువంటి తావు ఇది.

ముందు నేను కళ్లారా చూసినది చెబుతాను. యాసంగి కోతలు అయిపోయిన రోజులు. బొల్లారానికి కొద్ది దూరంలో ఒక ఊళ్లో పగలు రెండు గంటల వేళ గడ్డివాముకు నిప్పు అంటుకుంది. పైన పోయే కరెంటు తీగెలు గాలికి ఒకదానికొకటి తగిలి రవ్వలు రాలాయి. వాములు నాలుగు, పక్కనే గొడ్ల కొట్టం. ఆ చోటు చెరువు కింది పల్లం. అక్కడ సెల్‌ఫోనుకు సిగ్నలు అందదు. వాముల యజమాని కట్ట మీదికి పరుగెత్తి, 101కు ఫోను చేసి, అగ్గి అంటుకున్నదని చెప్పి, బర్రెల తలుగులు విప్పడానికి మళ్లీ కిందికి ఉరికాడు. ఫైరింజను వేళకే బయలుదేరింది. ఊరి ముందర దారి రెండుగా చీలుతుంది. ఎటు పోవాలో అడుగుదామని ఇంజను వాళ్లు ఫోను చేశారు. మోగలేదు. మోగదు గదా, మనిషి పల్లంలో ఉన్నాడు! ఇంజను ఎదుటి కట్ట మీదికి పోయింది. పొగ కనబడుతున్నది, నడుమ నీళ్లు. వెనుకకు తిరిగి వచ్చేసరికి రెండు వాములు బూడిద, మూడోది సగం. కొట్టం దక్కింది, బర్రెలు దక్కాయి. ఇంజను మీది మనుషులు ప్రాణానికి తెగించి పనిచేశారు. వారి తప్పు ఏమీ లేదు.

సాయంత్రం ఆ ఊరి ముసలి రైతు ఒకాయన నా పక్కన కూర్చుండి అన్నాడు: “సారూ, మేం పిలిస్తే ఆళ్లు ఇన్నరు. ఆళ్లు పిలిస్తే మేం ఇనకపోతిమి. గంతే.”

ఆ ముసలాయన ఒక్క మాటలో చెప్పినదే నేను ఇప్పుడు ఇంత పెద్దగా చెప్పబోతున్నాను. మాట ఒక వైపు పోతే చాలదు. బదులు రావాలి. బదులు వచ్చే దారి లేనినాడు పిలుపు సగమే.

పూర్వం మన ఊళ్లలో మాట నడిచిన తీరు మీకు తెలుసు. దప్పు కొట్టి చాటింపు వేసేవారు. చాటింపు అందరికీ వినబడేది. కాని వాడకు ఆ చివర ఉన్న మనిషి “నాకు ఫలానా ఇబ్బంది ఉన్నది” అంటే దప్పు దానిని మోసుకుపోదు. రేడియో పుట్టినప్పుడు కూడా మొదట్లో అది గొప్ప చాటింపే.

ఇక్కడ ఒక ముచ్చట చెప్పాలి. 1895లో మన దేశంవాడే అయిన జగదీశ్ చంద్ర బోసు కలకత్తా టౌనుహాలులో పెద్దల ముందు ఒక ప్రయోగం చేశారు. తీగె లేకుండా, గోడల అవతలికి విద్యుత్ తరంగాలను పంపి అక్కడ ఒక గంట మోగించారు, కొద్దిగా మందుగుండు పేల్చారు. తీగె లేని తరంగం మన దేశంలో మొదట చేసిన పనుల్లో ఒకటి నిప్పు పుట్టించడం! ఆ తరంగమే తరువాత నిప్పు ఆర్పేవారికి తోడు అయింది.

అమెరికాలో డెట్రాయిట్ అనే పట్నం ఉన్నది. అక్కడి పోలీసులు 1928లో తమ కార్లలో రేడియోలు పెట్టారు. ఠాణా నుంచి “ఫలానా వీధిలో దొంగలు పడ్డారు” అని చెబితే కారులోని పోలీసుకు వినబడేది. కాని అతడు తిరిగి మాట్లాడడానికి లేదు. విన్నాడో లేదో ఠాణాకు తెలియదు. బదులు చెప్పాలంటే కారు దిగి టెలిఫోను వెదుక్కోవాలి. అయిదేండ్ల తరువాత, 1933లో, న్యూజెర్సీలోని బేయొన్ అనే ఊరి పోలీసులు రెండు వైపులా మాట్లాడే రేడియోను కార్లలో పెట్టారు. అప్పుడు గాని రేడియో మనిషికి నిజమైన తోడు కాలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో అదే సాధనం చిన్నదై సిపాయి వీపు మీదికి, చేతిలోకి వచ్చింది. యుద్ధం అయ్యాక పోలీసులకు, ఫైరింజను వాళ్లకు అందింది. అమెరికాలో అగ్గి ఆర్పేవారిలో సగానికి పైగా జీతం తీసుకోని స్వచ్ఛంద సేవకులే. పొలం పనిలోనో దుకాణంలోనో ఉన్నవారు పిలుపు రాగానే పరుగెత్తుతారు. అటువంటి దళాలకు రేడియో లేనిదే పొద్దు గడవదు. మన వద్ద అటువంటి దళం రివాజు లేదు గాని, అగ్గి అంటుకుంటే బిందె పట్టుకొని ఉరకని మనిషి మన ఊళ్లలో ఎవరున్నారు? మనుషులకు కొరత లేదు. కొరత అల్లా ఒకరి మాట ఒకరికి అందకపోవడమే.

ఇక మన సంగతికి వద్దాం. హైదరాబాదులో నైజాం కాలంలో దక్కన్ రేడియో ఉండేది. 1950 ఏప్రిల్ 1న అది ఆకాశవాణిలో కలిసింది. పంచాయతీ రేడియో కింద చేరి ఊరంతా వినేవారు. కాని విన్న రైతు మనస్సులో పుట్టిన సందేహం మాటేమిటి? అది అరుగు మీదనే ఉండిపోయేది. ఈ లోటు గుర్తించినవారు ఉన్నారు. 1956లో యునెస్కో తోడ్పాటుతో పుణె ఆకాశవాణి వారు బొంబాయి రాష్ట్రంలోని 5 జిల్లాల్లో, 150 ఊళ్లలో రేడియో గ్రామీణ గోష్ఠులు నడిపి చూశారు. పది ఇరవై మంది కలిసి ప్రసంగం వినాలి. విన్న తరువాత చర్చించుకోవాలి. తేలిన సంగతి, తేలని సందేహం కాగితం మీద రాసి స్టేషనుకు పంపాలి. స్టేషను వాళ్లు తరువాతి కార్యక్రమంలో బదులు చెప్పాలి. “వినండి, చర్చించండి, చేయండి” అన్నది దాని మంత్రం. 1959 నుంచి దేశమంతటా ఈ గోష్ఠులు పెట్టారు. విస్తరణ పనిలో ఉన్న మనకు ఇది పెద్ద పాఠం. రైతు మాట తిరిగి రాని విస్తరణ ఒట్టి చాటింపు. మన సంగారెడ్డి జిల్లాలోనే, జహీరాబాదు దిక్కున, మాచ్‌నూరులో 2008 అక్టోబరు 15న సంగం రేడియో మొదలైంది. పేద దళిత మహిళా రైతులే దానిని నడిపారు. ఊళ్ల మాటను పట్టుకొచ్చి ఊళ్లకే వినిపించడం వారి పద్ధతి. 2024 మార్చిలో మన రైతు వేదికల్లో రైతు నేస్తం పేరిట మొదలైన వీడియో ముచ్చట్లలోనూ శాస్త్రవేత్తను రైతు నేరుగా అడగవచ్చు. ఇదంతా ఒక్క దారే. మాట తిరిగి రావాలి.

కాని ఉత్తరం రాసి వారం ఆగడం పురుగు మందు సంగతిలో నడుస్తుందేమో గాని, ప్రాణం మీదికి వచ్చినప్పుడు నడవదు. దీనిని తెలుగు నేలకు చెప్పరాని బాధతో నేర్పినది దివిసీమ ఉప్పెన.

1977 నవంబరు 19. కృష్ణా ముఖద్వారం దగ్గర సముద్రం సుమారు 5 మీటర్ల ఎత్తున లేచి ఊళ్ల మీద పడింది. పది వేల మంది దాకా చనిపోయారు. తుఫాను వస్తున్నదని రేడియోలో హెచ్చరికలు చెప్పకపోలేదు. కాని ఏ ఊళ్లో ఎవరు విన్నారో, ఎవరు కదిలారో, ఎవరు కదలలేదో చెప్పినవారికి తెలిసే దారి లేదు. ఆ రాత్రి తంతి తీగెలు, టెలిఫోను తీగెలు తెగాయి. దారులు మునిగాయి. లోపల ఏమైందో బయటి లోకానికి పూర్తిగా తెలియడానికి రోజులు పట్టింది. ఆ రోజుల్లో దాహంతో, దెబ్బలతో ఎదురుచూసినవారి సంగతి తలచుకుంటే గుండె చెరువవుతుంది.

ఆ తరువాత ఏర్పాట్లు మారాయి. 1983లో ఇన్సాట్-1బి ఉపగ్రహం పైకి వెళ్లాక, కోస్తాలో ఉపగ్రహం ద్వారా సైరను మోగించి హెచ్చరిక చెప్పే యంత్రాలు పెట్టారు. తుఫాను షెల్టర్లు కట్టారు. 1990 మే 9న దాదాపు అదే తీరాన్ని చాలా బలమైన తుఫాను కొట్టింది. ఈసారి లక్షల్లో పశువులు పోయినా, ముందుగానే లక్ష మందికి పైగా జనాన్ని కదిలించడం చేత మనుషుల చావు వెయ్యికి లోపే ఆగింది. వెయ్యి కూడా తక్కువ కాదు. కాని 1977తో పోల్చి చూడండి. హెచ్చరిక చెప్పడం, అది చేరిందని తెలుసుకోవడం, జనాన్ని కదిలించడం అనే మూడూ ఒకదాని వెంట ఒకటి నడిస్తే ఎంత తేడా వస్తుందో తెలుస్తుంది.

ఇంకొక కథ మన హైదరాబాదుకు సంబంధించినది. అమెచ్యూర్ రేడియో అనేది ఒకటి ఉన్నది. హామ్ రేడియో అని కూడా అంటారు. పరీక్ష రాసి, లైసెన్సు పొంది, లాభం కోసం కాక సరదాకు, సేవకు వైర్‌లెస్ నడిపేవారు వారు. 1983లో హైదరాబాదులో జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ వెలిసింది. ఆ సంస్థకు చెందిన భారతీ ప్రసాద్ అనే ఆమె 2004 డిసెంబరులో కొందరితో కలిసి అండమాన్ దీవుల్లోని పోర్ట్‌బ్లెయిర్‌కు వెళ్లారు. దూరదేశాల వారితో రేడియోలో మాట్లాడడమే వారి పని. డిసెంబరు 26 తెల్లవారుజామున భూమి కంపించింది, సునామీ వచ్చింది. టెలిఫోన్లు మూగబోయాయి. సరదాకు తీసుకుపోయిన సెట్టే ఆ దీవులకు నోరు, చెవి అయింది. ఎవరు క్షేమం, ఎవరి జాడ తెలియదు, ఎక్కడికి ఏ మందు కావాలి అనే మాటలు ఆ సెట్టు మీదుగా దేశానికి చేరాయి. బదులు కూడా దాని మీదుగానే వచ్చింది.

“ఇప్పుడు అందరి జేబులోనూ సెల్‌ఫోను ఉంది కదా, సారూ” అంటారేమో. ఉంది. మంచిదే. కాని 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నాన్ని కొట్టినప్పుడు కరెంటు పోయింది, టవర్లు పనిచేయలేదు, అంత పెద్ద నగరంలో ఫోన్లు మూగబోయాయి. ఫోనుకు నడుమ టవరు కావాలి, టవరుకు కరెంటు కావాలి. ఒక ఫోను ఒక్క మనిషికే వినబడుతుంది. పైగా ఆపద వేళ అందరూ ఒక్కసారి ఫోన్లు అందుకుంటారు, ఎవరికీ దొరకదు. వాకీటాకీ అట్లా కాదు. ఒకరు మాట్లాడితే దళంలోని పది మందీ వింటారు. నడుమ టవరుతో పని లేదు. అందుచేతనే ఇవి ఒకదానికి ఒకటి బదులు కాదు. రెండూ ఉండాలి.

ఇప్పుడు బొల్లారానికి రండి. పటాన్‌చెరు వద్ద 1972లో ఇక్రిశాట్ వచ్చింది. మెట్ట పంటల పరిశోధనకు ప్రపంచమంతా ఎరిగిన సంస్థ అది. ఆ దశకంలోనూ, 1980 దశకంలోనూ పటాన్‌చెరు, బొల్లారం, ఖాజీపల్లి, గడ్డపోతారం, పాశమైలారం దిక్కున కర్మాగారాలు వరుసగా లేచాయి. మందులు, రసాయనాలు, రంగులు. ఊళ్లవాళ్లకు కొలువులు వచ్చాయి. దానితోపాటు నక్కవాగు నీళ్లు చెడ్డాయి. వాగు కింది రైతులు పంట పోయి మొర పెట్టుకుంటే 1990లో వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా పోయింది. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలోని పారిశ్రామిక తావులకు మార్కులు వేస్తే పటాన్‌చెరు–బొల్లారానికి నూటికి 70.07 వచ్చాయి. ఈ లెక్కలో ఎక్కువ మార్కులు వస్తే సంతోషించరాదు. ఎంత ఎక్కువైతే అంత మురికి అన్నమాట.

అగ్గి కూడా ఈ తావుకు కొత్త కాదు. 2020 డిసెంబరు 12న బొల్లారంలోనే ఒక రసాయన కర్మాగారంలో మంటలు లేచాయి. 2024 ఏప్రిల్ 3న హత్నూర మండలం చందాపూర్‌లో రియాక్టరు పేలింది. 2025 జూన్ 30న పాశమైలారంలో జరిగిన పేలుడులో 40 మందికి పైగా కూలీలు, ఉద్యోగులు పోయారు. ఎక్కడెక్కడి నుంచో పొట్ట చేతపట్టుకొని వచ్చినవారు. తమవారి జాడ కోసం గేటు ముందర నిలబడి ఏడ్చినవారికి కూడా కావలసినది ఒక్కటే, “ఉన్నాడా, లేడా” అన్న మాటకు బదులు.

ఇక్కడ పాత సంగతి ఒకటి జ్ఞాపకం చేస్తాను. ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా అగ్నిమాపక వారోత్సవాలు జరుపుతారు. ఎందుకు? 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికీన్ అనే ఓడకు నిప్పు అంటుకుంది. అందులో పత్తి బేళ్లు ఉన్నాయి, వాటితోపాటు పేలుడు సామాను కూడా ఉన్నది. ఓడ పేలి, ఆర్పబోయిన అగ్నిమాపక దళం వారిలో 66 మంది ఒక్కనాడే చనిపోయారు. మంట ఆర్పడానికి వెళ్లే మనిషికి “అక్కడ మండుతున్నది ఏమిటి” అన్నది నీళ్లకంటె ముందు కావలసిన వస్తువు. గడ్డి మంటకు నీళ్లు మందు. కరెంటు తీగె తెగిపడ్డ చోట నీళ్లు చల్లితే చల్లినవాడే పోతాడు. కాగే నూనె మీద పోస్తే మంట ఎగజిమ్ముతుంది. సోడియం వంటి కొన్ని రసాయనాల మీద నీళ్లు పడితే పేలుతాయి. గనుక బొల్లారం పక్క ఊళ్లలోని దళం వారు కర్మాగారం మంటకు ఎదురు పోరాదు. అది శిక్షణ పొందినవారి పని. మీ పని దారి చూపడం, జనాన్ని గాలికి ఎదురు దిక్కుకు తప్పించడం, పసులను విప్పడం, చూసినది ఉన్నది ఉన్నట్లు చెప్పడం. ఈ పనులన్నిటికీ మాట కావాలి.

సరే, మాట అన్ని మూలలకూ అందాలంటే ఎట్లా? చాలామంది చేసే పొరపాటు ఏమిటంటే, వినబడకపోతే ఇంకా పెద్ద సెట్టు, ఎక్కువ ధర సెట్టు కొనాలనుకుంటారు. వాకీటాకీ తరంగం దాదాపు చూపువలె నేరుగా పోతుంది. గుట్ట అడ్డం వస్తే ఆగుతుంది. చెరువు కట్ట అడ్డం వస్తే సన్నగిల్లుతుంది. రేకుల షెడ్డు అడ్డం వస్తే వెనుకకు కొట్టుకుంటుంది. సెట్టు శక్తిని 4 రెట్లు పెంచినా, అడ్డు లేని చోటనే దూరం 2 రెట్లు అవుతుంది. గుట్ట అవతలికి మాత్రం అంత తేలికగా పోదు. మరి ఎత్తు సంగతి చూడండి. చదునైన నేల మీద మనిషి చేతిలో 1.5 మీటర్ల ఎత్తున ఉన్న సెట్టుకు కనుచూపు మేర సుమారు 5 కిలోమీటర్లు. అదే 16 మీటర్ల ఎత్తుకు పోతే 16 కిలోమీటర్లు దాటుతుంది. ఇది లెక్క మీది దూరం. నిజంగా ఇళ్లు, చెట్లు, షెడ్లు ఉన్న చోట చిన్న సెట్టు ఒకటి రెండు కిలోమీటర్లకే పడిపోవచ్చు. అయినా సూత్రం మారదు. మంచె మీది కావలిమనిషికి చేను అంతా కనబడుతుంది, గెట్టు మీద కూర్చున్నవాడికి కనబడదు. రేడియోకూ అంతే.

అందుచేత ఖర్చు లేని ఉపాయం మొదట చేయండి. దళంలో ఒక మనిషిని ఎత్తు తావున నిలపండి. గుట్ట మీద గాని, మెట్లు, గోడ ఉన్న పక్కా డాబా మీద గాని. అతడు అగ్గి దగ్గరికి పోరాదు. అతని పని ఒక్కటే. పల్లంలోని మాట విని ఊరి వైపు చెప్పడం, ఊరి మాట విని పల్లానికి చెప్పడం. పట్నాల్లో ఈ పనికి గుట్ట మీద, మేడ మీద రిపీటరు అనే యంత్రం పెడతారు. మన వద్ద మనిషే రిపీటరు. ఒక్క హెచ్చరిక. కరెంటు స్తంభం, టవరు ఎక్కరాదు. ఉరుములు మెరుపులు ఉన్నప్పుడు ఎత్తు తావున నిలబడరాదు.

చట్టం మాట కూడా చెప్పాలి. 1933 నాటి వైర్‌లెస్ చట్టం మొదలు 2023 నాటి టెలికమ్యూనికేషన్ల చట్టం దాకా సూత్రం ఒకటే. అనుమతి గాని, చట్టం ఇచ్చిన మినహాయింపు గాని లేకుండా వైర్‌లెస్ నడపరాదు. 2018లో వచ్చిన నియమాల ప్రకారం 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య, అర వాటు లోపు శక్తితో పనిచేసే, ప్రభుత్వ ఆమోదం ఉన్న చిన్న సెట్లకు లైసెన్సు అక్కరలేదు. ఊరి దళానికి ఇవే తగినవి. అంతకంటె పెద్ద సెట్టుకు గాని, రిపీటరుకు గాని టెలికాం శాఖలోని వైర్‌లెస్ ప్లానింగ్ విభాగం అనుమతి కావాలి. చవకగా దొరికిందని ఎక్కడిదో సెట్టు కొని నడిపితే, పోలీసుల మాటకో విమానం మాటకో అడ్డం పడవచ్చు. అప్పుడు మేలు చేయబోయి కీడు చేసినవారం అవుతాం. ఊళ్లో చదువుకునే పిల్లలు ఎవరైనా ఉంటే అమెచ్యూర్ రేడియో పరీక్ష రాయించండి. 12 ఏండ్లు నిండితే చాలు.

ఇక చేయవలసిన పనులు వరుసగా చెబుతాను, గుర్తుంచుకోండి.

ఒకటి. కొనడానికి ముందు నాలుగు సెట్లు అడిగి తెచ్చుకొని ఊరంతా నడిచి చూడండి. ఒకరు పంచాయతీ దగ్గర ఉండాలి, ఇంకొకరు చెరువు కింద, తండా దగ్గర, బోర్ల దగ్గర, చివరి కొట్టం దగ్గర ఆగి ఆగి పిలవాలి. వినబడిన చోట పటం మీద సున్న పెట్టండి, వినబడని చోట అడ్డగీత పెట్టండి. ఆ అడ్డగీతల పటమే మీ దళానికి అసలు ఆస్తి. ఎండాకాలం ఒకసారి, వానాకాలం ఆకు దట్టంగా ఉన్నప్పుడు ఒకసారి నడవండి.

రెండు. మాట పద్ధతి నేర్చుకోండి. బటను నొక్కి ఒక క్షణం ఆగి మాట్లాడాలి. లేకపోతే మొదటి మాట తెగిపోతుంది. పిలిచేవారి పేరు, చోటు, ఏమి మండుతున్నది, మనుషులెవరైనా చిక్కారా, గాలి ఎటు ఉన్నది, ఈ వరుసలో చెప్పాలి. విన్నవాడు “సరే” అని ఊరుకోరాదు. విన్నది తిరిగి చెప్పాలి. “పెద్ద చెరువు కింద, రెండో తూము దగ్గర, గడ్డివాము, గాలి పడమటి నుంచి” అని తిరిగి చెప్పినప్పుడే మాట చేరినట్లు. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు బటను నొక్కరాదు.

మూడు. 101కు గాని 112కు గాని ఫోను చేసినవాడు మళ్లీ పల్లంలోకి దిగరాదు. ఫోను అందే చోటనే, చేతిలో వాకీటాకీతో నిలబడాలి. ఇంజను వాళ్లు అడిగితే దళాన్ని అడిగి బదులు చెప్పేది అతడే. దారి చీలే ప్రతి చోటా ఒక మనిషి ఎర్రగుడ్డతో నిలబడాలి. ఏ బోరు దగ్గర నీళ్లు దొరుకుతాయో, ఏ బాటలో ఇంజను చక్రం దిగబడుతుందో ముందే రాసి పెట్టుకోండి.

నాలుగు. బాటరీలు ఎక్కించే బాధ్యత ఒక్క మనిషికి అప్పగించండి. అందరి పని అంటే ఎవరి పనీ కాదు. ప్రతి ఆదివారం సాయంత్రం సెట్లు తీసి ఒకరినొకరు పిలుచుకోండి. రైతు వేదికలో గాని పంచాయతీలో గాని అందరికీ తెలిసిన చోట సెట్లు ఉంచండి, బీరువాలో పెట్టి తాళం వేసుకొని ఊరికి పోకండి.

ఐదు. మందుల కర్మాగారం దగ్గర ఆవిరి వాసన వస్తున్న చోట మామూలు వాకీటాకీ గాని సెల్‌ఫోను గాని నొక్కరాదు. చిన్న రవ్వ చాలు. అక్కడ వాడే సెట్లు వేరు, రవ్వ పుట్టనివి.

ఆరు. అన్నిటికంటె ముందు అగ్గి రాకుండా చూసుకోండి. వాములు ఇంటికి, కొట్టానికి దూరంగా, కరెంటు తీగెల కింద కాకుండా వేయండి. పచ్చిగడ్డి, తడిగడ్డి వాము వేస్తే లోపలే వేడెక్కి తనంతట తాను అంటుకోవచ్చు. వాముకూ వాముకూ నడుమ బండి పోయేటంత ఎడం ఉంచండి. కొయ్యకాళ్లకు నిప్పు పెట్టకండి. నేల సారం పోతుంది, పక్క చేను పోతుంది.

విస్తరణ ఉద్యోగులకు ఒక మాట. మనం ఊరికి వెళ్లి పది మాటలు చెప్పి, రిజిస్టరులో సంతకాలు తీసుకొని వస్తాం. చెప్పిన పది మాటల్లో రైతు చెవికి చేరినవి ఎన్ని, అతని నోట తిరిగి వచ్చినవి ఎన్ని అని ఎప్పుడైనా చూసుకున్నామా? అగ్గిదళం నడిచి గీసిన అడ్డగీతల పటం వంటిది మన పనికి కూడా ఒకటి ఉండాలి. మన మాట అందని ఇల్లు ఏది, తండా ఏది, ఏ ఆడమనిషి పొలం ఏది. ఆ చోటికి మనమే నడవాలి.

ఆ ముసలి రైతు ఊళ్లో ఇప్పుడు ఎనిమిది మంది కుర్రవాళ్లు దళంగా చేరారు. వారి దగ్గర నాలుగు చిన్న సెట్లు ఉన్నాయి. మొన్న ఆదివారం సాయంత్రం నేను కూడా వారితో ఉన్నాను. చెరువు కింద నుంచి ఒక పిల్లవాడు పిలిచాడు. పంచాయతీ దగ్గరికి వినబడలేదు. గుట్ట మీద నిలబడ్డ పిల్లవాడు అందుకొని చెప్పాడు. పంచాయతీ నుంచి బదులు పోయింది. మళ్లీ చెరువు కింద నుంచి “విన్న” అని మాట వచ్చింది. అరుగు మీద కూర్చున్న ముసలాయన నా వంక చూసి, “ఇప్పుడు ఇనబడ్డది సారూ” అన్నాడు.

మీ ఊళ్లో కూడా అట్లా వినబడాలని నా కోరిక.